పన్నెండో పొట్లం

మొన్న ఆదివారం పొద్దున పంజాగుట్ట చౌరస్తాలో మమ్మల్నందరినీ ఆపేశారు. నగర మారథాన్ జరుగుతోంది. పరిగెత్తేవాళ్లు చాలామంది అప్పటికే దాటిపోయినట్టున్నారు. రోడ్డు నిండా నలిగిన కాగితం కప్పులు, అరటి తొక్కలు. నేనెక్కిన ఆటో అతను ఇంజను ఆపేసి, "ఇంక ఎవరి కోసం ఆపుతున్నరు సార్, అందరు పోయిన్రు గదా" అన్నాడు.

అందరూ పోలేదు. మెట్రో స్తంభాల నీడలోంచి ఒకావిడ వచ్చింది. పరుగే, కానీ పక్కన నడుస్తున్న పాలవాడు ఆవిణ్ని దాటిపోతున్నాడు. ఆవిడ వెనక పదడుగుల దూరంలో, ఆవిడ వేగంతోనే, ఒక ఖాళీ బస్సు. తలుపు తెరిచి ఉంది. మెట్టు మీద నిలబడ్డ మనిషి చెయ్యి చాచి, "ఎక్కండమ్మా, టైమైపోయింది, ఏసీ ఉంది" అని బతిమాలుతున్నాడు. ఆవిడ వెనక్కి తిరక్కుండానే చేత్తో వద్దంటోంది.

గడువులోగా రాలేనివాళ్లను ఏరుకుంటూ వచ్చే బస్సు అది. మా టెస్టింగ్ సార్ దాన్ని "మా బస్సు" అనేవాడు. వరసగా మూడేళ్లు ఎక్కాడు కాబట్టి ఆమాత్రం చనువు ఉందనుకునేవాడు.

ఆయన పోయి రెండేళ్లు కావొస్తోంది. డెంగీ జ్వరంతో పోయాడు, మంచం మీద. అయినా ఆ వయసులో అంత పరుగు పనికిరాదని చెబితే విన్నాడు కాదని మా అపార్ట్‌మెంట్‌లో ఇప్పటికీ అంటుంటారు. ఆయనే ఉంటే ఆ మాట అన్నవాళ్ల ముందు నోటుపుస్తకం తెరిచి, "ఏ రోజు, ఎన్ని గంటలకు, ఏం చూసి అలా అనుకున్నారో వరసగా చెప్పండి" అని పెన్ను తీసేవాడు.

పేరు రాయను. రాసినా అమీర్‌పేటలో ఎవరూ గుర్తుపట్టరు. పక్క సందులో తొమ్మిది కోచింగ్ సెంటర్ల బోర్డులున్న భవనంలో, మూడో అంతస్తులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చెప్పేవాడు. ఒకరు రాసిన ప్రోగ్రాంలో తప్పులు పట్టడం నేర్పే చదువు అది. అందుకని పిల్లలకూ, ఇస్త్రీ బండివాడికీ, చివరికి వాళ్లావిడకూ కూడా ఆయన టెస్టింగ్ సారే. కృష్ణా జిల్లా మనిషి. మా పైన నాలుగో అంతస్తులో ఉండేవాడు.

ఆయన ప్రపంచాన్ని రెండు గళ్లలో రాసుకునేవాడు. ఎడమ గడిలో ఊహించింది, కుడి గడిలో జరిగింది. రెండూ ఒకటైతే పాసు, లేకపోతే ఫెయిలు. కరెంటు పోయినా, సాంబారులో ఉప్పు ఎక్కువైనా, అల్లుడు పండక్కి రాకపోయినా ఆ రెండు గళ్లే. లిఫ్టు ఎక్కితే మూడో అంతస్తు బటనూ ఐదో అంతస్తు బటనూ ఒకేసారి నొక్కి అది ఏం చేస్తుందో చూసేవాడు. ఒకసారి నాతో టీ కొట్టుకు వచ్చి, "టీ లేకుండా ఒక టీ" అన్నాడు. కొట్టు అతను ఒక్క క్షణం ఆలోచించి, ఖాళీ గ్లాసు కడిగి చేతికిచ్చాడు. టెస్టింగ్ సార్ దాన్ని రెండు చేతులా అందుకుని, "పాసయ్యాడండీ" అని నాతో గుసగుసగా చెప్పాడు.

ఇంత పద్ధతైన మనిషికి మతిమరుపు కూడా అంతే పద్ధతిగా ఉండేది. పాఠం చెబుతుంటే కిటికీ పక్కనుంచి మెట్రో పోతే పాఠం కూడా దాంతో పోయేదని ఆయన శిష్యులు చెప్పేవారు. ఒక రోజు నాకు ఫోన్ చేసి, "ఎడిటర్ గారూ, గ్యాస్ ఆపానో లేదో కాస్త పైకెళ్లి చూసిపెడతారా" అన్నాడు. వెళ్లి తలుపు కొడితే తలుపు తీసింది ఆయనే. ఇద్దరం వెళ్లి గ్యాస్ చూశాం. ఆపే ఉంది. నేను ఎడిటర్ని కూడా కాను. ముప్ఫై ఏళ్లూ పత్రిక డెస్కులో ఇతరుల వాక్యాలు కుదించినవాణ్ని. ఆ సంగతి ఆయనకు చాలాసార్లు చెప్పాను, రాసుకున్నాడు కూడా.

ఇక పరుగు. నలభై తొమ్మిదో ఏట మొదలుపెట్టాడు. పరుగుకు ప్రత్యేకంగా బట్టలు ఎందుకని ఆయన వాదన. ఇస్త్రీ చేసిన పొడుగు చేతుల చొక్కా లోపలికి దోపి, బెల్టు పెట్టి, బూట్లతో పరిగెత్తేవాడు. దీనివల్ల వచ్చిన చిక్కు ఏమిటంటే, అమీర్‌పేట నుంచి పంజాగుట్ట వైపు పొద్దున్నే ఆయన పరిగెత్తుతుంటే సిటీ బస్సులు ఆగేవి. చెయ్యెత్తినా ఆగని డ్రైవర్లు, పాపం పెద్దాయన బస్సు కోసం పడి వస్తున్నాడని ఆపేవాళ్లు. కండక్టరు తల బయట పెట్టి, "నిదానం, నిదానం, ఆపినం గదా" అనేవాడు. టెస్టింగ్ సార్ ఆగి, రొప్పుతూ, తను బస్సు కోసం కాదని, వ్యాయామం కోసమని సంజాయిషీ చెప్పుకునేవాడు. లోపల జనం విసుక్కునేవాళ్లు.

"ఒక్కోసారి ఎక్కేస్తున్నానండీ" అని ఒప్పుకున్నాడు నా దగ్గర.

"ఎందుకు?"

"ఆయన అంత బస్సు ఆపాడు. కాదంటే ఏం బాగుంటుంది? ఖైరతాబాద్‌లో దిగి మళ్లీ వెనక్కి పరిగెత్తుకొస్తున్నాను. దూరం సరిపోతోంది."

అందుకే మారథాన్‌లో ఆ వెనక బస్సు ఆయనకు ఎంత గండమో ఊహించుకోండి. నలభై రెండు కిలోమీటర్లు. మూడేళ్లూ ముప్ఫై నాలుగో కిలోమీటరు దగ్గర, సరిగ్గా పంజాగుట్ట ఫ్లైఓవర్ మొదట్లో, బస్సు పక్కకు వచ్చేది, మెట్టు మీద మనిషి చెయ్యి చాచేవాడు, ఈయన ఎక్కేవాడు. "కాళ్లు ఆగాయో, మొహమాటం ఆపిందో తెలియడం లేదండీ" అనేవాడు. ఆయన జీవితంలో నాకు తెలిసిన పెద్ద కోరిక ఒకటే. ఒక్కసారి ఆ బస్సు ఎక్కకుండా, తన కాళ్ల మీద గడువులోగా గీత దాటాలి.

యాభై రెండో ఏట వాళ్లావిడ ఆయన్ను పంజాగుట్టలో ఒక మానసిక వైద్యుడి దగ్గరకు తీసుకెళ్లింది. అప్పటికి కారణం, రెండు కాళ్లకూ ఎడమ చెప్పులే వేసుకుని పెళ్లికి వెళ్లడం. డాక్టరు అరగంట మాట్లాడి, ఈ చెదురుబుద్ధి చిన్నప్పటి నుంచీ ఉన్నదేనని, ఇన్నాళ్లూ ఎవరూ కనిపెట్టలేదని చెప్పి, ఏకాగ్రత కోసం ఒక మాత్ర రాశాడు. రోజూ పొద్దున ఒకటి. మెదడును మేలుకొలిపే రకం మందు అది, చీటీ లేకుండా అమ్మకూడదు. మా సందు మొదట్లో ఉన్న మెడికల్ షాపు భాయ్ ఆ చీటీని వెనకా ముందూ తిప్పి చూసి, డాక్టరుకు ఫోన్ చేసి కనుక్కుని గానీ ఇవ్వలేదు. ముప్ఫై ఏళ్లుగా అక్కడే ఆ షాపు నడుపుతున్నాడు. చీటీలో లేనిది దగ్గు మందైనా ఇవ్వడని పేరు. తెలిసినవాళ్లం అడిగినా, "దోస్తీ వేరే, చిట్టీ వేరే సాబ్" అనేవాడు.

మాత్ర పనిచేసింది. పాఠం మెట్రో వెంట పోవడం మానేసింది. కానీ టెస్టింగ్ సార్ దృష్టిలో అసలు విశేషం అది కాదు. మొదటి ఆదివారం మాత్ర వేసుకుని పరుగుకు వెళ్లాడు. మే నెల.

"ఫ్లైఓవర్ లేదండీ" అన్నాడు తర్వాత.

"లేకపోవడమేంటి?"

"ఎక్కుతున్నట్టు లేదు. చదునుగా ఉంది. అలసట అనేదే రావడం లేదు. వస్తుందేమోనని చూస్తూ వెళ్లాను."

అలా చూస్తూ చూస్తూ ఎర్రగడ్డ దాకా వెళ్లి, తిరిగొచ్చి, మళ్లీ పంజాగుట్ట వెళ్లి, ఎండ ముదిరాక మెడికల్ షాపు ముందు నిలబడ్డాడు. ఆ సమయానికి నేను అక్కడే ఉన్నాను, బీపీ మాత్రలకని వెళ్లి. మొహం కందగడ్డలా ఉంది. చెమట లేదు. చేతులు వణుకుతున్నాయి. మనిషి మాత్రం నవ్వుతూ, "ఇంకో పది కిలోమీటర్లు వెళ్లొచ్చండీ" అంటున్నాడు. భాయ్ ఆయన చెయ్యి పట్టుకుని చూసి, కౌంటరు తలుపు తీసి, లోపలికి లాగి, మందుల ఫ్రిజ్ తెరిచి దాని ముందు కూర్చోబెట్టాడు. నెత్తి మీద రెండు సీసాల నీళ్లు గుమ్మరించాడు. వేలికి తగిలించే మిషను పెట్టి చూసి, ఆ అంకె నాకు చూపించాడు గానీ ఆయనకు చూపించలేదు.

డాక్టరు మర్నాడు కోప్పడ్డాడట. ఆయన చెప్పింది టెస్టింగ్ సార్ పుస్తకంలో రాసుకుని నాకు చదివి వినిపించాడు. ఈ మందు కాళ్లకు బలం ఇవ్వదు. అలసిపోయావు, ఆగు అని లోపల మోగే గంటను ఆపేస్తుంది, అంతే. ఒళ్లు కాగుతూనే ఉంటుంది, గుండె కొట్టుకుంటూనే ఉంటుంది, మనిషికి తెలియదు. అలా పడిపోయినవాళ్లున్నారు. ఇంత చెప్పి డాక్టరు చీటీ మీద ఎర్ర సిరాతో ఇంకో వాక్యం రాశాడు. "పరుగు ఉన్న రోజు వేసుకోకూడదు."

ఇంకెవరైనా అయితే అక్కడితో వదిలేసేవారు. ఈయన మారథాన్ నిబంధనల పుస్తకం తీశాడు. దాన్ని మొదటి పేజీ నుంచి చివరి దాకా చదివినవాడు నిర్వాహకుల్లో కూడా ఉండి ఉండడని నా నమ్మకం. పోటీ రోజున ఒంట్లో ఉండకూడని మందుల జాబితాలో తన మాత్ర కనిపించింది. రోగానికే వాడినా ముందుగా అనుమతి తీసుకోవాలట. ఒంట్లోకి ఏం పోయినా బాధ్యత పరిగెత్తేవాడిదేనట.

"రేసు రోజు ఎలాగూ వేసుకోను. కానీ నాకో సందేహం తీరాలి" అన్నాడు. "మూడేళ్లు బస్సెక్కానా, అది నా కాళ్లు ఓడిపోవడం వల్లా, లోపల గంట తొందరపడి మోగడం వల్లా? మాత్రతో ఎంత, మాత్ర లేకుండా ఎంత, తేడా చూడాలి. వేసుకున్నట్టు నాకు తెలిస్తే మనసు మోసం చేస్తుంది. అందుకని నాకు తెలియకూడదు."

అలా పుట్టింది పొట్లాల పథకం. తన మాత్రలు తొమ్మిది భాయ్‌కి ఇస్తాడు. భాయ్ వాటిని పొడి చేసి ఖాళీ క్యాప్సూళ్లలో నింపాలి. ఇంకో తొమ్మిదింటిలో గ్లూకోజు. మొత్తం పద్దెనిమిది, కాగితం పొట్లాలు కట్టి, కలిపేసి, అంకెలు వెయ్యాలి. ఏ అంకెలో ఏముందో రాసి కవరులో పెట్టి అంటించాలి. వారానికొకటి, ఆదివారం పరుగుకు ముందు వేసుకుంటాడు. చలికాలంలోనే, ఎండ రాకముందే, పరుగుకు ముందూ తర్వాతా భాయ్ మిషను మీద వేలు పెడతాడు. కవరు పద్దెనిమిదో వారం తర్వాతే తెరుస్తారు.

నేను భాయ్ ఒప్పుకోడనుకున్నాను. ఆయన చాలాసేపు గడ్డం దువ్వుకుని, "సరే సార్, చేస్త" అన్నాడు. అంత తేలిగ్గా ఒప్పుకున్నప్పుడే మేమిద్దరం అనుమానించాల్సింది. కవరు మీద సాక్షిగా నాతో సంతకం పెట్టించారు.

వారాలు గడిచాయి. ప్రతి ఆదివారం ఫలితాలు మా ఇంట్లో చదివేవాడు.

"మూడో నంబరు. నోరు ఎండింది. గుండె గట్టిగా కొట్టుకుంది. మాత్రే.

"నాలుగు. ఫ్లైఓవర్ కొండలా ఉంది. ఉత్త గ్లూకోజు.

"ఏడు. అలసట అనే మాటే గుర్తు రాలేదు. ఎర్రగడ్డ రైతుబజారు దాటి వెళ్లిపోయాను. మా ఆవిడ వంకాయలు తెమ్మన్న సంగతి మర్చిపోయాను. ఖచ్చితంగా మాత్ర."

"అది మరుపు తగ్గించే మాత్ర కదండీ" అన్నాను.

"మంచి ప్రశ్న" అని రాసుకుని, ఎనిమిదికి వెళ్లిపోయాడు.

పదకొండో వారం తర్వాత మారథాన్ వచ్చింది. ఆ రోజు పొట్లం లేదని, పన్నెండోది తర్వాతి ఆదివారానికి జరిపానని ముందే చెప్పాడు. నేను కూడా వెళ్లి ఫ్లైఓవర్ దగ్గర నిలబడ్డాను. ఇస్త్రీ చొక్కా వచ్చింది. వెనక బస్సు వచ్చింది. మెట్టు మీద మనిషికి ఈయన ముఖం గుర్తున్నట్టుంది, చుట్టాన్ని పిలిచినట్టు, "రాండి సార్, రాండి" అన్నాడు. టెస్టింగ్ సార్ బస్సు వైపు చూశాడు. నా వైపు చూశాడు. చేతులు జోడించి బస్సుకు ఒక నమస్కారం పెట్టి, ఫ్లైఓవర్ ఎక్కడం మొదలుపెట్టాడు. అంత నెమ్మదిగా ఎక్కుతున్న మనిషిని చూస్తూ అంత ఆదుర్దా పడడం నాకు మళ్లీ జరగలేదు. గడువుకు నాలుగు నిమిషాల ముందు గీత దాటాడు.

పదకొండు గంటలకు పతకం మెళ్లో వేసుకుని తిన్నగా మా ఇంటికొచ్చాడు. మొహం మీద ఉప్పు మరకలు. మా ఆవిడ మజ్జిగ ఇచ్చింది. తాగి, మూతి తుడుచుకోవడానికి చొక్కా జేబులో రుమాలు కోసం చెయ్యి పెట్టాడు. రుమాలు రాలేదు. విప్పిన పొట్లం కాగితం వచ్చింది.

"ఎడిటర్ గారూ, ఇదేంటండీ?"

తీసుకుని చూశాను. "పన్నెండు అని రాసుంది."

ఆయన గ్లాసు కింద పెట్టాడు.

"పొద్దున వేసుకున్నారా?"

"ఆదివారం కదండీ" అన్నాడు.

ఈ రోజు వేసుకోకూడదని పుస్తకంలో రాసుకున్నాడు. పుస్తకం చూసుకోవడం మర్చిపోయాడు. పదకొండు ఆదివారాల అలవాటు, చేతిని దానంతట అదే పొట్లం దగ్గరకు తీసుకెళ్లింది.

"దీనికింత బాధెందుకు? భాయ్ దగ్గర కవరుంది. తెరుద్దాం. గ్లూకోజైతే గొడవే లేదు."

"ఇంకా ఆరు వారాల టెస్టు ఉందండీ. మధ్యలో కవరు తెరిస్తే మొత్తం పాడైపోతుంది."

"మీ పతకం సంగతండీ నేను మాట్లాడేది."

"నేనూ దాని గురించేనండీ" అన్నాడు. "ఈ పరుగు నేను పరిగెత్తానా, మాత్ర పరిగెత్తిందా తెలియనప్పుడు ఇది ఎలా వేసుకు తిరగను?" అని పతకం తీసి మజ్జిగ గ్లాసు పక్కన పెట్టాడు.

మధ్యాహ్నానికి ఉత్తరం రాసుకొచ్చాడు. నాలుగు పేజీలు. నిర్వాహకులు తనను అనర్హుడిగా ప్రకటించాలని కోరుతూ, తప్పు జరిగిన విధానాన్ని నిద్ర లేచినప్పటి నుంచి అంచెలంచెలుగా వివరించాడు. కాస్త చూసిపెట్టమన్నాడు. అలవాటు కొద్దీ కుదించాను. పేజీన్నర అయింది. జవాబు రాలేదు. రెండో ఉత్తరానికి ఫోన్ వచ్చింది. నిర్వాహకుల తరఫు అమ్మాయి, గొంతు చాలా మర్యాదగా ఉంది. ఆయన స్పీకరు పెట్టాడు.

"సర్, మీ లెటర్ చదివాం. మీరు ఇబ్బంది పడొద్దు. మేం ముందొచ్చిన వాళ్లకే టెస్టులు చేస్తాం."

"అదేం టెస్టింగ్ అమ్మా? వెనకవాళ్లలో తప్పులుండవా?"

"సర్, గడువులోగా వచ్చినవాళ్లలో మీ వెనక ఇద్దరే ఉన్నారు."

"ఆ ఇద్దరికీ అన్యాయం జరిగింది కదమ్మా."

ఆ అమ్మాయి, "సర్, ఆ ఇద్దరిలో ఒకరు మా నాన్నగారే. ఆయనేమీ అనుకోవడం లేదు" అంది.

మూడో ఉత్తరం నేనే రాశాను. మూడే వాక్యాలు. నిషిద్ధ మందు ఉండగల క్యాప్సూల్ వేసుకున్నాను. మీ నిబంధన ప్రకారం బాధ్యత నాదే. నా ఫలితాన్ని రద్దు చేసి రాతపూర్వకంగా తెలియజేయండి. ముప్ఫై ఏళ్ల ఉద్యోగంలో అంత బిగువైన ముక్క నేను రాయలేదు. వారం తిరక్కుండా వెబ్‌సైటులో ఆయన పేరు ఎదుట సమయం పోయి 'అనర్హుడు' అన్న మాట వచ్చింది. ఆయన దాన్ని ప్రింటు తీసి క్లాసులో గోడకు అంటించాడు. తప్పు రాసి పంపితే సరిచేసిన సంస్థను తన సర్వీసులో మొదటిసారి చూశానని పిల్లలకు చెప్పాడట.

పతకాన్ని కవరుతో పాటు దాచమని భాయ్‌కి ఇచ్చాడు. భాయ్ దాన్ని అందుకుంటూ నా వైపు ఒకలా చూశాడు. ఏదో చెప్పబోయి, "ఆరు వారాలే గదా" అని సొరుగులో పెట్టాడు.

ఆ ఆరు వారాలూ మనిషి పొట్లాలు వేసుకున్నాడు, వేలు మిషనులో పెట్టాడు, రాసుకున్నాడు. కానీ ఏ బస్సు ఆగినా ఎక్కేయడం మొదలుపెట్టాడు. నాలుగు ఆదివారాలు టికెట్టుతో ఇంటికొచ్చాడు. ఎందుకని అడిగితే, "నేను ఎంత పరిగెత్తగలనో నాకే తెలియదని తేలింది కదండీ, ఇంక తొందరేముంది" అన్నాడు. తమాషాకు అన్నాడనుకున్నాను. వాళ్లావిడ మెట్ల మీద కనిపించి, "ఏంటండీ ఈయన, అన్నం ముందు కూడా రెండు గళ్లూ ఖాళీగా పెట్టుకు కూర్చుంటున్నారు" అంది.

పద్దెనిమిదో వారం అయింది. మర్నాడు, సోమవారం మధ్యాహ్నం మెడికల్ షాపులో కవరు తెరిచాం. నా సంతకం సరిగ్గా ఉందని టెస్టింగ్ సార్ నాతో చెప్పించాడు. కాగితం మడత విప్పాడు. ఒకటి నుంచి పద్దెనిమిది దాకా అంకెలు నిలువుగా ఉన్నాయి. ప్రతి అంకె ఎదుట భాయ్ ఓపిగ్గా ఒకే మాట రాశాడు. గ్లూకోజ్. గ్లూకోజ్. గ్లూకోజ్.

టెస్టింగ్ సార్ కాగితం వెనక్కి తిప్పి చూశాడు. వెనక ఏమీ లేదు.

"మాత్రలేవి భాయ్?"

భాయ్ సొరుగు లాగి చిన్న పాలిథీన్ కవరు కౌంటరు మీద పెట్టాడు. తొమ్మిది మాత్రలు. కవరులో డాక్టరు చీటీ నకలు కూడా ఉంది.

"గా దినం మీ చెయ్యి పట్టి చూసిన సార్. పెనం లెక్క కాలుతుండె. మీరేమో నవ్వుతున్నరు. గంతకంటే డర్ ఎన్నడు కాలే నాకు." చీటీ మీద ఎర్ర సిరా వాక్యం కింద వేలు పెట్టాడు. "పరుగు దినం వద్దని డాక్టర్ సాబ్ రాసిండు. మీరు ఉరికేది ఆదివారం. పొట్లం గూడ ఆదివారమే. నేనెట్ల ఇస్త? ముప్ఫై సాల్ అయింది, చిట్టీ దాటి ఒక్క గోలీ ఇయ్యలే."

"మరి ఒప్పుకున్నారేంటి?"

"కాదంటే మీరు వేరే దుకాణం పోతరు. ఆడ నిజంగ పెట్టిస్తరు."

"భాయ్, మీరు నా టెస్టంతా పాడుచేశారు. పద్దెనిమిది వారాలు."

"అవును సార్. మాఫ్ చెయ్యున్రి."

"మూడో నంబరుకు నోరెలా ఎండింది? గుండె అంత గట్టిగా ఎందుకు కొట్టుకుంది?"

"పరిగెత్తితిరి గదా సార్" అన్నాడు భాయ్.

మా వెనక దగ్గు మందు కోసం నిలబడ్డ ఒక ముసలాయన, "కొంచెం జరుగుతారా బాబూ" అన్నాడు. జరిగాం. టెస్టింగ్ సార్ స్టూలు మీద కూర్చుని పుస్తకం పేజీలు వెనక్కి తిప్పుతున్నాడు. పదిహేడు, పదహారు, పదిహేను. ఒకచోట ఆగాడు.

"పన్నెండు కూడానా?"

"ఒకటి సంది అఠారా దాంక, అన్నీ ఒకటే సార్."

"అంటే ఫ్లైఓవర్ దగ్గర్నుంచి..."

"మీరే ఉరికిన్రు."

నాకు అప్పుడు గుర్తొచ్చింది నా మూడు వాక్యాల ఉత్తరం. దాన్ని వెనక్కి తీసుకోవడానికి తర్వాత నెలలో ఆయనా నేనూ ఎంతో ప్రయత్నించాం. ఆ అమ్మాయి పాపం నిజంగానే బాధపడింది. కానీ అంత స్పష్టంగా రాసిచ్చాక మార్చడానికి తమ కమిటీకి దారి లేదంది, కవరు తెరిచేదాకా ఆగమని కనీసం ఒక వాక్యమైనా ఉండి ఉంటే బాగుండేదంది. గ్లూకోజు మింగి అనర్హుడైనవాడు ఆ జాబితాలో ఈ రోజుకీ ఆయనొక్కడే. ఆ మరుసటి ఏడాది మారథాన్ నాటికి ఆయన జ్వరంతో ఉన్నాడు.

కానీ ఆ మధ్యాహ్నం ఇవేవీ ఇంకా జరగలేదు. భాయ్ సొరుగులోంచి పతకం తీసి, చొక్కా అంచుతో తుడిచి, కౌంటరు మీదుగా వంగి ఆయన మెళ్లో వేశాడు. దగ్గు మందు ముసలాయన ఎందుకో తెలియకుండానే చప్పట్లు కొట్టాడు. టెస్టింగ్ సార్ పుస్తకం మూసి జేబులో పెట్టుకున్నాడు. ఆ రోజు పేజీలో ఏమీ రాయలేదు. తర్వాత కూడా రాయలేదని నాకు తెలుసు. ఆ పుస్తకం ఇప్పుడు నా దగ్గరే ఉంది.

బయటికొచ్చాం. ఎండ తగ్గుముఖం పట్టింది. మెయిన్ రోడ్డు మీద ట్రాఫిక్ మామూలుగానే ఉంది. "మీరు నడిచి రండి ఎడిటర్ గారూ, నేనలా ఒక రౌండు వేసొస్తాను" అని ఇస్త్రీ చొక్కాతో, బెల్టుతో, మెళ్లో పతకంతో పంజాగుట్ట వైపు పరుగెత్తుకుని వెళ్లాడు. వంద గజాలు కూడా పోకముందే ఒక సిటీ బస్సు ఆయన పక్కన ఆగింది. వెనక హారన్లు మొదలయ్యాయి. కండక్టరు మెట్టు మీదకు వచ్చి చెయ్యి చాచాడు.

ఈయన ఎక్కుతాడనే అనుకున్నాను. ఆగలేదు. సంజాయిషీ కూడా చెప్పలేదు. పరుగు తీస్తూనే చేత్తో ముందుకు సాగమని చూపించి అన్నాడు. రోడ్డు రొదలో కూడా నాకు స్పష్టంగా వినిపించింది.

"మీరు పదండి. నేను వస్తాను."